యాత్రా దర్శిని: దారి పక్కన దాగిన డబ్బా

విదేశాలలో ఉన్న పిల్లల వద్దకు వెళ్ళి వచ్చిన మన విశ్రాంత సహోద్యోగులు చెప్పే మాటలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మొదటి నెల జలపాతాలు, మ్యూజియములు, దేవాలయాలు. రెండవ నెల చుట్టుపక్కల ఊళ్ళలోని బంధుమిత్రుల ఇళ్ళు. మూడవ నెల నుంచి కిటికీ. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, మనుమలు బడికి వెళ్ళిపోయిన తరువాత సాయంకాలం వరకు ఆ కిటికీలో నుంచి కనిపించే నిర్మానుష్యమైన వీధే వారికి లోకం. "చూడవలసినవన్నీ చూసిన తరువాత ఏమి చేయాలి?" అని ఈ శీర్షికకు ఉత్తరాలు వ్రాసిన పాఠకులు కొందరున్నారు. వారికి సమాధానంగా, మేము స్వయంగా ఆడి, అందులో ఒకసారి తప్పు కూడా చేసి, పాఠం నేర్చుకున్న ఒక ఆటను గురించి ఈ సంచికలో మనవి చేస్తున్నాము. దాని పేరు జియోక్యాషింగ్.

ఇందులో నగదు లేదు

జియో అనగా భూమి. క్యాష్ అనగానే మన అకౌంట్సు విభాగము వారు చెవులు నిక్కించవచ్చును గాని, ఇందులో నగదు ప్రసక్తి లేదు. దాచిన వస్తువు, దాచిన చోటు అనే అర్థంలో ఫ్రెంచి భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. ఒకరు మూత గట్టిగా పట్టే డబ్బాలో చిన్న పుస్తకం ఒకటి ఉంచి, పార్కులోనో వంతెన పక్కనో కొండదారిలోనో కంటికి కనబడకుండా పెడతారు. ఆ స్థలం యొక్క అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటిస్తారు. ముక్కూ మొగమూ తెలియని మరొకరు చేతిలోని ఫోను చూపిన దారిన వెళ్ళి, డబ్బాను వెదకి, పుస్తకంలో తేదీ వేసి సంతకం చేసి, డబ్బాను ఉన్నచోటనే ఉంచి వస్తారు. ఆట అంతే.

డబ్బాలలో పరిమాణభేదాలున్నాయి. వ్రేలి కొన అంత చిన్నవి, పాతకాలపు ఫిల్ము రీలు డబ్బా అంతటివి, సైన్యం వాడి వదలిన తూటాల పెట్టె అంతటివి కూడా ఉంటాయి. పెద్ద పెట్టెలలో బొమ్మలు, బిళ్ళలు వంటి అల్పవస్తువులు ఉంటాయి. ఒకటి తీసుకుంటే అంతకు తీసిపోని మరొకటి పెట్టాలన్నది నియమం. వెదకడం ఎంత కష్టమో ఒకటి నుంచి ఐదు వరకు, దారి ఎంత కష్టమో మరల ఒకటి నుంచి ఐదు వరకు ముందుగానే అంకెలు వేసి చెబుతారు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు దారికి ఒకటి అని ఉన్న డబ్బాలను ఎంచుకుంటే నిశ్చింతగా నడచి రావచ్చును. ప్రాథమిక సభ్యత్వానికి రుసుము లేదు. నేడు ప్రపంచమంతటా 30 లక్షలకు పైబడిన డబ్బాలు ఉన్నాయి. ఈ ఆట అంటార్కిటికాకు కూడా పాకినది.

ఒక బాల్చీతో మొదలు

ఈ ఆటకు పుట్టినరోజు ఉన్నది. అమెరికా ప్రభుత్వం తన జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలలో, సైనికేతరులు వాడుకునే వాటికి, కావాలనే కొంత పొరపాటు కలిపి పంపుతూ ఉండేది. దానివలన సామాన్యుని చేతిలోని పరికరం అసలు స్థలానికి నూరు మీటర్ల వరకు అటో ఇటో చూపేది. 2000 మే నెల మొదట్లో, అధ్యక్షుడు క్లింటన్ ఆదేశం మేరకు ఈ కల్తీని ఆపివేశారు. ఒక్క రాత్రిలో లోకమంతటా పరికరాల ఖచ్చితత్వం అనేక రెట్లు పెరిగినది. అంతవరకు ఏ వీధియో మాత్రమే చెప్పగలిగినది, అటు తరువాత ఏ చెట్టో చెప్పసాగినది.

మే 3వ తేదీన ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఈ ఖచ్చితత్వాన్ని పరీక్షించదలచి, ఒక బాల్చీలో కొన్ని పుస్తకాలు, వీడియోలు, ఒక క్యాటపల్టు, ఒక చిక్కుడు గింజల డబ్బా వంటివి పెట్టి అడవి అంచున ఉంచి, ఆ స్థలాన్ని ఇంటర్నెట్ చర్చావేదికలో ప్రకటించారు. కొద్ది రోజులలోనే మైక్ టీగ్ అనే ఆయన దానిని మొట్టమొదట కనుగొన్నారు. అదే నెలాఖరున మ్యాట్ స్టమ్ ఈ ఆటకు జియోక్యాషింగ్ అని నామకరణం చేశారు. సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దీనికొక ప్రత్యేక వెబ్‌సైటు నెలకొల్పినప్పుడు లెక్కకు వచ్చిన డబ్బాలు 75 మాత్రమే.

ఈ ఊహకు తాతగారు కూడా ఉన్నారు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూములలో 1854లో జేమ్స్ పెరట్ అనే మార్గదర్శి, అతి దుర్గమమైన క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా ఉంచాడు. అంతదూరం నడచి రాగలిగినవారు తమ పేరున్న చీటీని అందులో వేసి వెళ్ళేవారు. పెట్టిన మనిషికి, వచ్చిన మనిషికి మధ్య ముఖపరిచయం అవసరం లేని స్నేహం అన్నమాట.

ఆకాశంలో గడియారాలు

సాంకేతిక విభాగాలలో పనిచేసే మన యువ పాఠకుల కొరకు రెండు మాటలు. జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుమార్లు ప్రదక్షిణం చేస్తూ ఉంటాయి. ఒక్కొక్కదానిలో అణుగడియారాలు ఉన్నాయి. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని మాత్రమే అవి చెబుతూ ఉంటాయి. ఆ మాట మన చేతిలోని ఫోనుకు చేరడానికి సెకనులో సుమారు పదిహేనవ వంతు కాలం పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరినదో తెలిస్తే ఎంత దూరం నుంచి వచ్చినదో తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలుతుంది. గడియారం సెకనులో పది లక్షలవ వంతు తప్పితే దూరం లెక్కలో 300 మీటర్ల తేడా వస్తుంది. అంత ఎత్తున, అంత వేగంతో తిరిగే గడియారం భూమి మీది గడియారంకంటె రోజుకు సుమారు 38 మైక్రోసెకనులు ముందుకు పోతుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతుంది. ఆ సవరణ చేయనిచో ఒక్క రోజులోనే పది కిలోమీటర్లకు పైగా పొరపాటు పోగవుతుంది.

అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 నిమిషాలు. ఒక నిమిషమంటే నేల మీద సుమారు 1,850 మీటర్లు. ఈ ఆటలో నిమిషాన్ని మూడు దశాంశ స్థానాల వరకు వ్రాస్తారు. చివరి అంకె ఒకటి మారితే రెండడుగులు పక్కకు వేయవలసి వస్తుందన్నమాట. అయితే చెట్ల క్రింద, ఎత్తైన భవనాల నడుమ సంకేతం చెదరి ఐదు పది మీటర్లు తప్పవచ్చును. అక్కడ నుంచి పని చేయవలసినది కళ్ళే.

భూమిని కొలవడమన్నది మనకు కొత్త కాదు. 1802లో మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే, అర టన్ను బరువైన థియొడొలైటును కొండల మీదికి, గోపురాల మీదికి ఎక్కించుకుంటూ ఉత్తరానికి సాగినది. ఆ సర్వేలోనే 1850 ప్రాంతాలలో బెంగాలీ గణకుడు రాధానాథ్ సిక్దార్ వేసిన లెక్కలలో ఎవరెస్టు శిఖరం ఔన్నత్యం వెల్లడి అయినది. మన సొంత దిక్సూచి వ్యవస్థలోని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1వ తేదీ రాత్రి మన శ్రీహరికోట నుంచే ఆకాశానికి ఎగసినది. అర టన్ను యంత్రం చేసిన పని నేడు చొక్కా జేబులోకి వచ్చినది.

మా తొలి ఓటమి

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నగర శివారులో ఉంటున్నాడు. 2022 మే నెలలో మా శ్రీమతితో కలసి అక్కడకు వెళ్ళాము. అప్పుడు మా మనుమడికి పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గాని, సమాధానం మాత్రం ఇంగ్లీషులో వచ్చేది. మొదటి పదిహేను రోజులు మా సంభాషణ "తిన్నావా? బడికి వెళ్ళావా?" అన్న రెండు ప్రశ్నలను దాటలేదు. ఒక శనివారం వాడే మమ్మల్ని ఈ ఆటకు లాక్కుపోయాడు.

ఒక సెలయేటి మీది చెక్క వంతెన. సన్నని వాన. డబ్బా ఇక్కడే ఉన్నదని ఫోను అంటున్నది. గంటసేపు వెదికాము. ముళ్ళపొదలు చేతులు గీరాయి, బూట్లు బురదలో దిగబడ్డాయి, డబ్బా మాత్రం దొరకలేదు. ఇంటికి వచ్చాక వాడు ఫోనులో "దొరకలేదు" అని నమోదు చేయబోతుంటే మేము వారించాము. "ఎందుకురా నలుగురికీ చెప్పుకోవడం? మన చేతకానితనం బయటపెట్టుకోవడమే గదా!" అన్నాము. వాడు ఆశ్చర్యంగా చూసి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి, "తాతయ్యా, మనం రాయకపోతే డబ్బా పోయిందని వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు.

నాలుగు రోజులకు దాని యజమాని వచ్చి చూసుకున్నాడు. వానలకు ఏరు పొంగి డబ్బా నిజంగానే కొట్టుకుపోయినదట. మరొకటి పెట్టి, చెప్పినందుకు కృతజ్ఞత తెలిపాడు. ఓటమిని దాచకపోవడం కూడా ఒక సేవ అని పదేళ్ళ పిల్లవాని వద్ద తెలుసుకున్నాము.

అటుపైన ప్రతి శనివారం మాదే. మాకు మొదట దొరికిన డబ్బా ఒక అంగడి ముందున్న కార్ల పార్కింగులో, దీపస్తంభం అడుగున ఉండే లోహపు తొడుగు క్రింద ఉన్నది. అంతకు ముందు అదే స్తంభం పక్కన కూరగాయల సంచులతో ఎన్నిమార్లు నిలబడ్డామో! ఇలా వెదుకుతూ తిరిగేటప్పుడు పిల్లవానికి మాటలు కావలసి వచ్చేవి. పొద, తొర్ర, వేరు, గట్టు, బెరడు, నాచు. ఈ మాటలు ఏ పలక మీదా వ్రాయించకుండానే వాడికి వచ్చేశాయి. "తాతయ్యా, తొర్రలో చూశారా?" అని వాడు అరచిన రోజున మా శ్రీమతి కళ్ళు ఒత్తుకున్నది.

ఆగస్టులో మా అబ్బాయి కారులో ఆ మొట్టమొదటి బాల్చీ పెట్టిన స్థలానికి కూడా తీసుకువెళ్ళాడు. ఉత్తర అక్షాంశం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పశ్చిమ రేఖాంశం 122 డిగ్రీల 24.800 నిమిషాలు. దారి పక్కన చెట్ల నీడలో ఒక స్మారక ఫలకం ఉన్నది, అంతే. తాజ్‌మహలు కాదు, నయాగరా కాదు. కాని ఒక మనిషి ఒక బాల్చీ వదలి, ఎవరైనా వస్తారని నమ్మి వెళ్ళిన చోటు.

అప్పుగా వచ్చిన రైలింజను

ఇక మా తప్పు. ఈ ఆటలో యాత్రిక వస్తువులని కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కదానికి సంఖ్య చెక్కిన లోహపు బిళ్ళ కట్టి ఉంటుంది. వాటికి యజమానులున్నారు. వాటిని సొంతం చేసుకోరాదు. ఒక డబ్బాలో నుంచి తీసి మరొక డబ్బాలో పెట్టి, ఆ సంగతి నమోదు చేయాలి. అట్లా చేతులు మారుతూ అవి దేశాలు తిరుగుతాయి. ఇటువంటి సంఖ్య ఒకటి 2021లో అంగారక గ్రహంపై దిగిన పర్సివరెన్స్ వాహనం మీద కూడా ఉన్నది.

సెప్టెంబరులో మాకొక పెట్టెలో బొటనవ్రేలంత రైలింజను బొమ్మ దొరికినది. జర్మనీలోని ఒక బడిపిల్లల తరగతి దానిని పంపినది. దేశదేశాల రైళ్ళను చూసి రావాలన్నది దాని కోరిక. "ఇండియన్ ట్రెయిన్ చూడాలి కదా తాతయ్యా!" అని మా మనుమడు పట్టుబట్టాడు. మేము మాట ఇచ్చి వెంట తెచ్చుకున్నాము. ఆ డిసెంబరులో అరకు వెళ్ళినప్పుడు బొర్రా గుహల స్టేషనులో, సొరంగం నుంచి వస్తున్న రైలు ఎదుట దానిని అరచేతిలో పట్టుకుని ఫొటో తీయించి పంపాము. పిల్లవాడు గంతులు వేశాడు.

అక్కడితో మా పని అయినదనుకున్నాము. ఇంజను బీరువాలో, పెళ్ళి శుభలేఖల పక్కన చేరినది. మన వైపు డబ్బాలు పలుచన. వెళ్ళి పెట్టవలసిన డబ్బా మా ఊరికి దూరం. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ ఉన్నాము. ప్రతి ఆదివారం ఫోనులో వాడు "రైలు బయలుదేరిందా తాతయ్యా?" అని అడిగేవాడు. "దారిలో ఉన్నదిరా" అనేవారము. మొదటిసారి ఆ మాట నోట రావడానికి ఇబ్బంది పడ్డాము. పదవసారికి అలవాటైపోయినది.

2024 ఫిబ్రవరిలో, అనగా పధ్నాలుగు నెలల తరువాత, ఆ తరగతి ఉపాధ్యాయురాలి నుంచి మర్యాదతో కూడిన చిన్న ఉత్తరం కంప్యూటరులో వచ్చినది. ఇంజనును పంపిన పిల్లలు ఆ సంవత్సరంతో ఆ బడి విడిచి వెళ్ళిపోతున్నారు. అది ఎక్కడ ఉన్నదో తెలిస్తే వారు సంతోషిస్తారని వ్రాసింది. నింద లేదు, నిష్ఠూరం లేదు.

మేము ముప్పది రెండు సంవత్సరాలు ఈ సంస్థ స్టోర్సు విభాగంలో పనిచేసినవారము. తిరిగి రావలసిన సామగ్రికి వేరే గేట్ పాస్ ఉంటుందని, దానికి వేరే రిజిస్టరు ఉంటుందని, గడువు దాటిన మరునాడే రిమైండరు వెళ్ళవలెనని క్రింది వారికి నూరుమార్లు చెప్పినవారము. ఒక డ్రిల్లింగు యంత్రం రెండు వారాలు ఆలస్యంగా తెచ్చిన కాంట్రాక్టరును వరండాలో నిలబెట్టి మాట్లాడినవారము. ఇప్పుడు రిమైండరు మన పేరనే వచ్చినది. విలువ చూస్తే ఆ బొమ్మ వంద రూపాయలు చేయదు. రిజిస్టరులో విలువ గడి వేరు, సంతకం గడి వేరు. పోయినది రెండవది.

ఆ ఆదివారం మనుమడికి నిజం చెప్పాము. రైలు దారిలో లేదని, మా బీరువాలో ఉన్నదని, ఇన్నాళ్ళు మేము చెప్పినది అబద్ధమని. అవతల చాలాసేపు మాట లేదు. ఆ నిమిషం మాకు చాలా పొడుగైనది. తరువాత వాడు, తెలుగులోనే, "దొరకలేదు అని రాసినట్టే, లేటయింది అని రాసెయ్యి తాతయ్యా" అన్నాడు. అట్లే వ్రాశాము. సాకులు చెప్పలేదు.

మా పాత సహోద్యోగి కుమార్తె ఆ సెప్టెంబరులో పై చదువుకు జర్మనీ వెళ్ళినది. చీటీ మీద నియమాలన్నీ వ్రాసి, సంతకం తీసుకుని మరీ, అనగా గేట్ పాస్ పద్ధతిలోనే, ఇంజనును ఆమెకు అప్పగించాము. ఆ అమ్మాయి రైన్ నది ఒడ్డున, రైలు పట్టాలు కనిపించే ఒక డబ్బాలో దానిని ఉంచినది. తొమ్మిది రోజులకు మరెవరో దానిని ముందుకు తీసుకుపోయారు. అప్పటికి ఆ పిల్లలు బడి మారిపోయారు. రైలు ఆలస్యంగా వచ్చినా సొంత దేశానికి వచ్చినది గదా అని ఉపాధ్యాయురాలు వ్రాసింది. వారికి ఆ వార్త అందినదో లేదో ఆమె చెప్పలేదు. మేము అడగలేదు.

వెళ్ళేవారికి కొన్ని జాగ్రత్తలు

ఈ ఆట ఆడదలచిన పాఠకులు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలని మనవి.

మొదటిది, అనుమానం. పరదేశంలో పొదలలో చేతులు పెట్టి వెదికే కొత్త మనిషిని చూసి స్థానికులు సందేహించడం సహజం. 2011లో ఇంగ్లండులోని వెదర్బీ పట్టణంలో ఒక డబ్బాను బాంబుగా పొరబడి, వీధి మూసివేసి, బాంబు నిర్వీర్య దళం దానిని పేల్చివేసింది. ఒకసారి మమ్మల్ని కూడా ఒక ఇల్లాలు గుమ్మంలో నిలబడి ఏమి వెదుకుతున్నారని కఠినంగా అడిగింది. ఎవరైనా అడిగితే తడబడకూడదు, పరుగెత్తకూడదు. చేతులు కనిపించేటట్లు ఉంచి, ఆట సంగతి చెప్పి, ఫోను చూపాలి. పోలీసులైతే వారు చెప్పినట్లు వెంటనే తొలగిపోవాలి. ఒంటరిగాకంటె ఇంటివారితో, చీకటిలోకంటె పగటి వెలుగులో వెళ్ళడం మేలు. బడులు, విమానాశ్రయాలు, ప్రభుత్వ భవనాల చుట్టుపక్కల వెదుకులాట వద్దు.

రెండవది, పరుల భూమి. కంచె దాటవలసి వస్తే మనం దారి తప్పామని అర్థం. నేల త్రవ్వవలసిన అవసరం ఎన్నడూ రాదు. డబ్బాలను పాతిపెట్టరాదన్నది నియమం. అమెరికాలోని జాతీయ ఉద్యానవనాలలో అనుమతి లేకుండా డబ్బాలు పెట్టరాదు. అటువంటి చోట్ల డబ్బా లేకుండానే, ఒక శిలనో వేడినీటి ఊటనో చూసి భూగర్భశాస్త్ర సంబంధమైన ప్రశ్నలకు జవాబులు పంపే ఎర్త్‌క్యాష్ అనే పద్ధతి ఉన్నది. బడిపిల్లలకు ఇది మిక్కిలి ఉపయోగకరం.

మూడవది, ఒంటి రక్షణ. ఆరెగాన్ అడవులలో మూడేసి ఆకులుగా పెరిగే పాయిజన్ ఓక్ అనే మొక్క తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. నిండు చేతుల చొక్కా, మూసిన బూట్లు, మంచినీళ్ళు, ఒక పెన్ను తప్పనిసరి. చిన్న డబ్బాలలో పెన్ను ఉండదు. ఎదుట డబ్బా ఉండి సంతకం చేయలేక తిరిగి వచ్చిన బాధ మాకు అనుభవమే.

నాల్గవది, సామాను. డబ్బాలలో తినుబండారాలు, కత్తులు, మందుగుండు పెట్టరాదు. విత్తనాలు, ఈకలు వంటివి దేశాల హద్దులు దాటించరాదు. వెదకడానికి మామూలు ఫోను చాలును. ఉపగ్రహ ఫోనులు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చేతి పరికరాలు అనుమతి లేకుండా మన దేశంలోకి తేవడం నేరం. అడవులకు పనికివస్తుందని పిల్లలు అటువంటిది కొనిపెట్టినా, దానిని అక్కడే వదలి రావాలి.

ఐదవది, ఉత్సాహం. సెలవులకు వెళ్ళిన ఊరిలో మనమే ఒక డబ్బా దాచి రావాలనిపిస్తుంది. అందుకు సాధారణంగా అనుమతించరు. దాచినవారు అప్పుడప్పుడు వెళ్ళి బాగోగులు చూడవలసి ఉంటుంది గనుక. ఆ ఉత్సాహాన్ని మన టౌన్‌షిప్‌కు తెచ్చి కర్మాగారం గోడ పక్కన డబ్బా పెట్టదలచేవారికి ఒక్క మాట. సి.ఐ.ఎస్.ఎఫ్. వారికి అది దొరికితే సంతకం పెట్టవలసిన పుస్తకం వేరే ఉంటుంది.

ముగింపుగా

ఈ ఆటకు కాపలాదారు లేడు. డబ్బాకు తాళం లేదు. తెరచినవాడు మూసి పెడతాడని, తీసుకున్నవాడు ముందుకు పంపుతాడని, దొరకనివాడు దొరకలేదని నిజం చెబుతాడని నమ్మడం మీదనే ఇరవై ఐదేళ్ళకు పైగా సాగుతూ ఉన్నది. మనవంటి సంస్థలలో స్టోర్సు నడిచేది కూడా, గేటు వద్ద ఎంతమంది ఉన్నా, కడపటికి ఆ నమ్మకం మీదనే.

విదేశాలకు బయలుదేరే పాఠకులు ఆవకాయ జాడీ పక్కన, మందుల సంచీ పక్కన ఒక చిన్న పెన్ను కూడా సర్దుకోవాలని కోరుతున్నాము. అక్కడి కిటికీ వద్ద కూర్చున్నప్పుడు, ఎదుటి వీధి మలుపులోనే ఎవరో మన కొరకు ఒక డబ్బా ఉంచి ఉండవచ్చునని గుర్తు చేసుకోండి. మీ అనుభవాలను మాకు వ్రాయండి. దొరకనివి కూడా వ్రాయండి. వచ్చే సంచికలో వాటిలో కొన్నింటిని ప్రచురిస్తాము.